పుదీనాలో లేని చలువ

కూరగాయల సంచి విప్పగానే రెండు పచ్చటి కట్టలు బయటికొస్తాయి. కొత్తిమీరను వేళ్లతో సహా పీకి కట్టారు, వేళ్లకు ఇంకా మట్టి ఉంది. పుదీనాకు వేళ్లే లేవు, కొడవలి పెట్టి కోసిన కాడలు మాత్రమే. లెక్కప్రకారం వేరున్నది బతకాలి, లేనిది పోవాలి. జరిగేది దానికి ఎదురు. కొత్తిమీరను కుండీలో పాతితే నాలుగు రోజులు నిలబడి తల వాల్చేస్తుంది. ఒకవేళ నిలదొక్కుకున్నా గబగబా సన్నటి కాడ వేసి, పూతకొచ్చి, ఎండిపోతుంది. ఆకు దూసుకుని పారేయబోయిన పుదీనా కాడను మాత్రం గ్లాసు నీళ్లలో వేస్తే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి.

ఇంకో చిక్కు కూడా ఈ కట్టలోనే ఉంది. పిప్పరమెంటు బిళ్ల చప్పరించి గాలి పీలిస్తే గొంతులోకి చలిగాలి దూరినట్టుంటుంది. పుదీనా పచ్చడి ఎంత కలుపుకు తిన్నా అలా జరగదు. వాసన ఘుమఘుమలాడుతుంది, నోరు బాగుంటుంది, చలి మాత్రం పుట్టదు. అయినా రెండింటినీ పుదీనా అనే అంటాం, రెండింటి గుణాలనూ ఒకే ఖాతాలో రాసేస్తాం. పుదీనా లాభాలంటూ వచ్చే జాబితాల్లో చాలావరకు మన వంటింటి పుదీనావి కావు, దాని దగ్గరి బంధువులవి.

అంతా కణుపులోనే

పుదీనా కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలు తగులుతాయి. తులసి కాడ కూడా అంతే, వామాకు లేత కాడ కూడా అంతే. ఇవన్నీ ఒకే కుటుంబం. ప్రతి కణుపు దగ్గర రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ఆకు కాండంతో కలిసే మూలలో ఒక చిన్న మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. అంటే ఒక్కో కణుపు దగ్గర రెండు కొత్త కొమ్మలకు సరిపడా సరంజామా సిద్ధంగా ఉందన్నమాట.

కొత్తిమీర కట్టలో మనకు కాండంలా కనిపించేది నిజానికి కాండం కాదు, పొడవాటి ఆకు కాడ. అసలు కాండం వేరు తలమీద అంగుళంలోపే కుదించుకుని ఉంటుంది. ఆకు కాడకు కణుపులుండవు, మొగ్గలుండవు. ఉన్న తల్లివేరు ఒక్కటే. దాన్ని పీకేటప్పుడు చివరనున్న వెంట్రుకల్లాంటి సన్న వేళ్లు మట్టిలోనే తెగిపోతాయి. నీళ్లు తాగేది ఆ సన్న వేళ్లే. పైగా కొత్తిమీర ఒక్క కారు మొక్క. మొలవడం, పూయడం, ధనియాలిచ్చి చనిపోవడం దాని జీవితం. దెబ్బ తగిలితే ఆకు పెంచుకోవడం మానేసి పూతకు తొందరపడుతుంది.

పుదీనా తీరు వేరు. కాడ కొసన ఉన్న లేత చిగురులో ఆక్సిన్ అనే హార్మోను తయారై నిరంతరం కిందికి దిగుతుంటుంది. కాడను కోస్తే దాని దారి అక్కడితో ఆగిపోతుంది. కోతకు కాస్త పైన ఆక్సిన్ పోగుపడుతుంది. అక్కడి కణాలు కొన్ని తమ పాత పని వదిలి విభజన మొదలుపెట్టి వేరుగా మారతాయి. ఈ ఏర్పాటు చాలా మొక్కల్లో ఉన్నా పుదీనాకు మరీ సులువు. నేల మీద పాకే ప్రతి తీగకూ మట్టి తగిలిన చోటల్లా కణుపు నుంచి వేళ్లు దించడం రోజువారీ పని. గ్లాసులో వేసిన కాడ చేసేదీ అదే.

అదే ఆక్సిన్ ఇంకో పని కూడా చేస్తుంది. కిందకు దిగే దారిలో పక్క మొగ్గలను నిద్ర లేవనివ్వదు. కొస తుంచేస్తే ఆ అదుపు పోయి, కింది కణుపులోని రెండు మొగ్గలూ ఒకేసారి లేస్తాయి. ఒక కొమ్మ పోయిన చోట రెండు వస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల పుదీనా వేసే ఆకుకూరల రైతులు ఒకసారి నాటిన మడిని మళ్లీ మళ్లీ కోసుకోగలిగేది ఇందుకే. ఇంట్లో మాత్రం పాపమని కోయకుండా వదిలేస్తాం. అప్పుడది సన్నగా, పొడుగ్గా సాగి ఆకు చిన్నదైపోతుంది.

మొండితనానికి అసలు కారణం మట్టి కింద ఉంటుంది. వేళ్లని మనం అనుకునే వాటిలో చాలా భాగం వేళ్లు కావు, భూమిలో అడ్డంగా పాకే కాండాలు. వాటికీ కణుపులుంటాయి, మొగ్గలుంటాయి, పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఐరోపాలో మంచు కింద ఆకంతా చచ్చినా వసంతంలో అక్కడి నుంచే లేచి వస్తుంది. మన మే నెల ఎండకు పై కొమ్మలు మాడినా, అడుగున తడి ఆరిపోకుండా ఉంటే తొలకరికి మళ్లీ కనిపిస్తుంది.

బాక్స్: కుండీలో నిలవాలంటే

కట్టలోంచి ముదురుగా కాకుండా, మరీ లేతగా కాకుండా ఉన్న కాడను ఎంచుకోండి. జానెడులోపు ఉంటే చాలు. కోత కణుపుకు కాస్త కిందుగా ఉండాలి. కింది ఆకులు తీసేసి, పైన రెండు మూడు జంటలు ఉంచండి. ఆకులెక్కువ ఉంటే వేళ్లు రాకముందే నీరంతా ఆవిరైపోతుంది. నీళ్లలో ఆకు మునగకూడదు, మునిగితే కుళ్లుతుంది. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వేళ్లు రెండు అంగుళాలు పెరిగేదాకా ఆగకుండా, అంగుళం ఉండగానే మట్టిలోకి మార్చండి. నీళ్లలో పెరిగిన వేరు పెళుసుగా ఉంటుంది, ఎంత పొడుగైతే మార్చేటప్పుడు అంత విరుగుతుంది.

లోతైన కుండీ కన్నా వెడల్పాటి తొట్టి మేలు, ఎందుకంటే ఇది పక్కలకు పాకే మొక్క. ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ కావాలి. ఏడాది దాటాక తొట్టి నడుమ బోసిపోయి, అంచుల చుట్టూ మాత్రమే పచ్చగా ఉంటే మొక్కకు జబ్బు చేసిందనుకోకండి. తీగలు చోటు వెతుక్కుంటూ అంచులకు చేరాయి, అంతే. మొత్తం పెళ్లగించి, తెల్లటి కాండం ముక్కలు కొన్ని తీసుకుని కొత్త మట్టిలో పరిస్తే సరిపోతుంది. నేలలో వేసేవారు మాత్రం చుట్టూ రాళ్లో రేకులో అడ్డం పెట్టుకోవాలి. లేకపోతే పక్క మడి కూడా దానిదే అవుతుంది.

విత్తనం లేని వంశం

మన ఇళ్లలో పుదీనా పువ్వు చూసినవాళ్లు తక్కువ. పుదీనాలు పూయాలంటే పొడవైన పగళ్లు కావాలి. జూన్‌లో లండన్‌లో పగలు 16 గంటలు దాటుతుంది. హైదరాబాద్‌లో 13 గంటలు దాటేది కొద్ది నిమిషాలే. పూత సంకేతం అందక మన పుదీనా ఆకులు వేసుకుంటూనే పోతుంది. తినేవాళ్లకు ఇది లాభమే.

పూసినా విత్తనం మీద ఆశ పెట్టుకోలేం. మనం వండుకునే పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ అనే జాతి. అది రెండు అడవి పుదీనాల కలయికతో పుట్టింది. దానికీ, నీటి ఒడ్డున పెరిగే ఇంకో అడవి పుదీనాకూ పుట్టిన సంకరం పిప్పరమెంటు. పిప్పరమెంటు కథ తేలిక లెక్కతో అర్థమవుతుంది. స్పియర్‌మింట్ కణంలో క్రోమోజోములు 48, నీటి పుదీనాలో 96. పిల్లకు చెరి సగం, 24, 48 కలిసి 72 వస్తాయి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతలు కట్టాలి. రెండు వైపుల నుంచి వచ్చినవి సరిగా జతపడక ఆ పని చెడిపోతుంది. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో దొరికిన ఈ మొక్కను వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ రే 1696లో వర్ణించాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా అది బతికింది ముక్కల మీదే.

ముక్కతో పెంచితే వచ్చేది బిడ్డ కాదు, అదే మొక్క. వందల ఎకరాల తోట కూడా జన్యుపరంగా ఒక్క మొక్కే. రుచి ఎక్కడా మారదు, కానీ ఒకదానికి పట్టిన తెగులు అన్నిటికీ పడుతుంది. లండన్ దగ్గరి మిచమ్ నుంచి అమెరికా వెళ్లిన పిప్పరమెంటుకు ఇదే జరిగింది. వర్టిసిల్లియం అనే బూజు మట్టిలోంచి వేళ్లలోకి చేరి నీటి గొట్టాలను మూసేసింది, మిషిగన్ తోటలు వడలిపోయాయి. విత్తనం లేదు కాబట్టి సంకరం చేసి మంచి రకం తీసే వీల్లేదు. చివరికి 1950లలో కాండాలపై రేడియేషన్ ప్రయోగించి, జన్యువుల్లో గుడ్డిగా మార్పులు తెచ్చి, వేలాది మొక్కలను తెగులు సోకిన నేలలోనే పెంచి, మిగిలినవాటిని ఏరుకున్నారు. అలా వచ్చిన టాడ్స్ మిచమ్ రకం 1971లో రైతులకు అందింది. పాశ్చాత్య దేశాల పిప్పరమెంటు బిళ్లల వెనక ఈ అణు కథ ఉందని తినేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఆకు మీది గిన్నెలు

పుదీనా ఆకును ముట్టుకోకుండా ముక్కు దగ్గర పెడితే వాసన అంతంతమాత్రం. నలిపితే గుప్పుమంటుంది. ఆకు అడుగుభాగాన్ని భూతద్దంతో చూస్తే పసుపు ఛాయలో మెరిసే చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక గ్రంథి. ఎనిమిది కణాలు వలయంగా కూర్చుని నూనె తయారు చేసి, తమ తలపైన ఉన్న పల్చటి పొర కిందికి పంపుతాయి. పొర ఉబ్బి బుడగలా నిలుస్తుంది. మన వేలు పగలగొట్టేది ఆ బుడగనే.

తయారైన నూనెను కణంలోనే దాచుకోకుండా బయట ఉంచడానికి కారణం ఉంది. ఆ నూనె కణాలకు విషం లాంటిది. పురుగునూ బూజునూ తిప్పికొట్టడానికి చేసుకున్న సరుకు తయారుచేసిన కణాన్నే చంపకూడదు కదా. ఆకు విచ్చుకునే తొలి రెండు మూడు వారాల్లోనే ఈ బుడగలు నిండుతాయి. తర్వాత ఆకు పెద్దదవుతుందే తప్ప నూనె పెద్దగా పెరగదు.

వంటకు ఇక్కడే ఒక సూత్రం దొరుకుతుంది. ఈ నూనె నీళ్లలో కరగదు, ఆవిరితో కలిసి ఎగిరిపోతుంది. పుదీనాను చారులో మొదటే వేసి మరిగిస్తే ఇల్లంతా వాసన, గిన్నెలో మాత్రం చప్పదనం. నూనెలో మగ్గించి పచ్చడి నూరితే వాసన ఆ నూనెలోకి దిగి నిలుస్తుంది. ఆవకాయలోలా నూనె ఎక్కువ పోసే మన పచ్చడి పద్ధతికి పుదీనా ఇంత బాగా కుదరడం ఊరికే జరగలేదు.

ఒక్క మలుపులో మారిన వాసన

ఆ బుడగల్లో ఏముందన్నదే అసలు తేడా. పిప్పరమెంటూ మన పుదీనా రెండూ ముందుగా లిమోనీన్ అనే పదార్థం చేస్తాయి. నారింజ తొక్క వాసన దీని జంట రూపానిదే. తర్వాత ఒక ఎంజైమ్ ఆ అణువుకు ఒక ఆక్సిజన్‌ను అతికిస్తుంది. ఎక్కడ అతికించిందన్నదాన్ని బట్టి దారి చీలుతుంది. ఒక చోట అతికితే చివరికి మెంథాల్ వస్తుంది, ఇంకో చోట అతికితే కార్వోన్ వస్తుంది. పిప్పరమెంటుది మొదటి దారి, మన పుదీనాది రెండోది. స్పియర్‌మింట్ నూనెలో సగానికి పైగా కార్వోనే, మెంథాల్ దాదాపు లేనట్టే. పిప్పరమెంటు నూనెలో 40 శాతం, ఆపైన మెంథాల్. మందులకోసం పెంచే జపాన్ పుదీనా నూనెలో 70, 80 శాతం దాకా అదే.

అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రాడ్నీ క్రోటో బృందం ఈ చీలికను చివరి దాకా తవ్వింది. స్పియర్‌మింట్ ఎంజైమ్ సుమారు 500 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 363వ స్థానంలో ఉన్న ఒక్కదాన్ని మార్చగానే అది పిప్పరమెంటు ఎంజైమ్‌లా పనిచేయడం మొదలుపెట్టింది. 2000లో వెలువడిన ఫలితమిది. పచ్చడికీ పిప్పరమెంటు బిళ్లకూ మధ్య అంత దూరముందనుకుంటాం, మొదలు మాత్రం ఆ ఒక్క చోటు.

కార్వోన్‌లో ఇంకో వింత ఉంది. దీనికి కుడి చేయి, ఎడమ చేయిలా రెండు రూపాలున్నాయి. అవే పరమాణువులు, అవే బంధాలు, ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. ఒక రూపం పుదీనా వాసన, రెండోది కారవే గింజ వాసన. బజారులో షాజీరా పేరుతో తరచుగా అమ్మేది ఈ గింజే. రెండు రూపాలను శుద్ధిచేసి వాసన చూపించిన ప్రయోగాలు 1971లో వచ్చాయి. మన ముక్కులోని గ్రాహకాలు కుడి ఎడమలను వేరు చేయగలవని వాటితో రూఢి అయింది. హైదరాబాదీ బిర్యానీ హండీలో ఒకే అణువు రెండు చేతులూ కలుస్తాయి, వండేవాళ్లకు రసాయనశాస్త్రంతో పనిలేకుండానే.

చల్లదనమంటూ వచ్చే అబద్ధపు కబురు

మెంథాల్ దేన్నీ చల్లబరచదు. పిప్పరమెంటు బిళ్ల చప్పరిస్తున్న నోట్లో థర్మామీటరు పెడితే డిగ్రీ తగ్గదు. మరి చలి ఎక్కడిది?

నాలుక, చర్మం కింద ఉన్న నాడుల కొసల్లో టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్ ఉంటుంది. దాని నడుమ ఒక సన్న ద్వారం. ఉష్ణోగ్రత సుమారు 25 నుంచి 28 డిగ్రీల కిందికి దిగితే ద్వారం తెరుచుకుని సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి, నాడి మెదడుకు ‘చలి’ అని కబురు పంపుతుంది. మెంథాల్ ఆ ప్రొటీన్‌కు అతుక్కుంటే అది తెరుచుకునే గీత పైకి జరుగుతుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకులో అలారం పెట్టుకున్న ఇంటిని తలుచుకోండి. నీరు తీగను తాకితే అలారం మోగాలి. ఎవరో తీగను కిందికి దించేస్తే ట్యాంకు సగమే నిండినా అది మోగుతుంది. కింద ఉన్నవాళ్లు ట్యాంకు నిండిందనే నమ్ముతారు. మెంథాల్ దించేది ఆ తీగను. నోటి వేడిలోనే నాడి చలి అని మోగుతుంది. అందుకే బిళ్ల చప్పరించాక తాగిన మామూలు నీళ్లు కూడా ఫ్రిజ్ నీళ్లలా పళ్లను జివ్వుమనిపిస్తాయి.

ఈ ప్రొటీన్‌ను 2002లో డేవిడ్ జూలియస్ బృందం, ఆర్డెమ్ పటపూటియన్ బృందం విడివిడిగా గుర్తించాయి. మిరపకాయ మంటను పట్టే ప్రొటీన్‌ను జూలియస్ అంతకుముందే కనుక్కున్నారు. స్పర్శ, ఉష్ణోగ్రతల గ్రాహకాలపై కృషికి 2021లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కార్వోన్ కూడా ఈ ద్వారాన్ని తట్టకపోదు, కానీ బలహీనంగా. మన పచ్చడికి చలి పుట్టకపోవడం వెనక ఉన్నది ఇంతే.

జలుబు చేసినప్పుడు మెంథాల్ బామ్ పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రాన్ ఎకిల్స్ ముక్కులోంచి గాలి పోయే తీరును కొలిచి చూశారు. పీల్చినవాళ్లు హాయిగా ఉందన్నారు, ముక్కులోని అడ్డు మాత్రం ఉన్నట్టే ఉంది. గాలి చల్లగా తగిలినట్టనిపిస్తే ఎక్కువ గాలి వస్తోందని మెదడు లెక్క కడుతుంది. రాత్రి నిద్రపట్టడానికి ఆ భ్రమ చాలు కాబట్టి నేను దాన్ని తీసిపారేయను.

చలి పంట పండేది ఉత్తరాన

మెంథాల్ పంట ఒకప్పుడు జపాన్‌ది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు హొక్కైడో ద్వీపంలోని కితామి ప్రాంతం ఒక్కటే ప్రపంచానికి కావలసిన నూనెలో 70 శాతం దాకా ఇచ్చేది. ఆ పుదీనా 1950లలో భారతదేశానికి వచ్చింది. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ, సీమ్యాప్, మనకు తగిన రకాలు తీసింది. దాని పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోని బోడుప్పల్‌లో కూడా ఉంది. ఇప్పుడు ప్రపంచంలోని సహజ మెంథాల్‌లో అధికభాగం మన దేశానిదే, అందులోనూ ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ, బదాయూ, రాంపూర్ వైపుది. గోధుమ లేదా బంగాళదుంప తర్వాత, వరి నాట్లకు ముందు ఖాళీగా ఉండే వేసవి నెలల్లో పండడమే దాని బలం. కోసిన ఆకును పొలం పక్కనే ఆవిరిలో ఉడికిస్తే వంద కిలోలకు అర కిలో నుంచి ముప్పావు కిలో నూనె వస్తుంది. నూనెను చల్లబరిస్తే మెంథాల్ సూదుల్లాంటి స్ఫటికాలుగా విడిపోతుంది.

రైతుకు పోటీ ఫ్యాక్టరీ నుంచే. జపాన్ రసాయనశాస్త్రజ్ఞుడు ర్యోజి నొయోరి రూపొందించిన ఉత్ప్రేరకంతో, ఎడమ చేతి రూపం మాత్రమే వచ్చేలా మెంథాల్‌ను తయారుచేయడం 1980లలో మొదలైంది. ఆ తరహా పనికి 2001లో ఆయనకు నోబెల్ దక్కింది. ధర పెరిగితే కొనేవాళ్లు ఫ్యాక్టరీ సరుకు వైపు మళ్లుతారు. రైతు ఆ గీత దాటి ధర అడగలేడు.

మందుగా ఎంతవరకు

పిప్పరమెంటు నూనెకు గట్టి ఆధారమున్న వాడకం ఒకటుంది. పేగులు బిగుసుకుని కడుపునొప్పి తెచ్చే ఐబీఎస్ జబ్బులో, కడుపులో కరగకుండా పేగుల్లో కరిగే క్యాప్సూల్‌గా ఇస్తే ఉపశమనం ఉంటుంది. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో దాన్ని చేర్చింది. పేగు కండరంలోకి కాల్షియం పోకుండా మెంథాల్ అడ్డుకోవడం వల్ల కండరం సడలుతుంది. ఆ సడలింపే అన్నవాహిక చివరి కవాటానికీ వర్తిస్తుంది, అందుకే గుండెమంట ఉన్నవారికి అది పడదు. ఇదంతా మెంథాల్ మాట. పుదీనా పచ్చడి తింటే ఐబీఎస్ తగ్గుతుందని ఎవరైనా చెబితే వాళ్లు మొక్క పేరు చదివారు, నూనె పేరు చదవలేదు.

పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్ బామ్ రాయవద్దనడానికి కారణం కూడా ఆ చలి కబురే. ఆ వయసులో అది ఒక్కసారిగా తగిలితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదముంది.

పుదీనా తింటే రక్తం పడుతుందన్న మాట కూడా ఉంది. పుదీనా ఆకులో ఇనుము ఉన్నమాట నిజం. కానీ భోజనంతో పాటు పిప్పరమెంటు టీ తాగిన వారిలో ఇనుము ఒంటపట్టడం 84 శాతం తగ్గిందని 1999లో మనుషులపై చేసిన ప్రయోగం చూపింది, మామూలు టీ తాగితే తగ్గినంత. అందులోని పాలీఫినాళ్లు ఇనుమును పట్టేసుకుంటాయి. రోట్లో నూరిన ఆకు నల్లబడేది కూడా అవి గాలి తగిలి మారడం వల్లే. కాస్త నిమ్మరసం పిండితే ఆ నలుపు నెమ్మదిస్తుంది, నిమ్మలోని సి విటమిన్ ఇనుముకూ సాయం చేస్తుంది.

మన వంటింటి పుదీనాకు సొంతంగా ఒక పారిశ్రామిక ఉద్యోగం కూడా ఉంది. టూత్‌పేస్టు, చూయింగ్ గమ్ సంగతి అందరికీ తెలుసు. అమెరికాలో బంగాళదుంప గోదాముల్లోకి స్పియర్‌మింట్ నూనెను పొగమంచులా పంపుతారు. దుంప కళ్ల నుంచి వస్తున్న మొలకల లేత కొసలను ఆ ఆవిరి మాడ్చేస్తుంది. దుంపకు మాత్రం ఏమీ కాదు. కొన్ని వారాలకు పక్క మొగ్గలు లేస్తాయి, మళ్లీ పొగ పెట్టాలి.